ఇయర్‌ఫోన్లపై చట్టం సూటిగా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండి నడిపితే 20 వేల రూపాయల జరిమానా అంటూ 2023లో ఆంధ్రప్రదేశ్ అంతటా ఒక వాట్సాప్ సందేశం తిరిగింది. అది నిజం కాదని రవాణా శాఖ చెప్పాల్సి వచ్చింది. ఆ మాట విన్నవాళ్లలో కొందరు ఇంకో పొరపాటులో పడ్డారు. 20 వేలు అబద్ధమైతే అసలు జరిమానాయే లేదనుకున్నారు, ఫోన్ జేబులో ఉండి చెవిలో బ్లూటూత్ ఉంటే చట్టం ఏమీ అనదనుకున్నారు. 2025 అక్టోబరులో హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ వాహనం నడుపుతూ వీడియోలు చూడడం, ఇయర్‌ఫోన్లు వాడడం శిక్షార్హమని హెచ్చరించారు. మంచి హెచ్చరికే. కానీ ఏ సెక్షన్ కింద శిక్ష, ఎంత జరిమానా, ఒక్క చెవిలో పెట్టుకుంటే ఏమిటి, కారులో అయితే ఏమిటి అని అడిగితే డ్రైవింగ్ నేర్పేవాళ్లే తలో మాట చెబుతారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చట్టంలోనే ఆ మాట సూటిగా లేదు.

ఉన్నదేమిటో ముందు చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టానికి 2019లో పెద్ద సవరణ జరిగింది. పెంచిన జరిమానాలు ఆ ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి. ప్రమాదకరంగా నడపడం గురించి చెప్పే 184వ సెక్షన్‌కు అప్పుడే ఒక వివరణ చేర్చారు. ఎర్ర లైటు పడ్డాక దాటడం, స్టాప్ గుర్తు దగ్గర ఆగకపోవడం, రాంగ్ రూట్‌లో రావడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడంతో పాటు, చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరాన్ని వాడడాన్ని కూడా ఆ జాబితాలో పెట్టారు. మొదటిసారి అయితే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే కట్టే మొత్తాన్ని 200వ సెక్షన్ కింద ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది. అందుకే ఒకే తప్పుకు విజయవాడలో ఒక లెక్క, హైదరాబాద్‌లో ఇంకో లెక్క కనిపిస్తుంది.

ఆ వివరణలో ‘చేత్తో పట్టుకునే’ అన్న మాట ఉంది. చెవి ప్రస్తావన లేదు. ఇయర్‌ఫోన్, హెడ్‌ఫోన్, బ్లూటూత్ అన్న పదాలు 184లో ఎక్కడా కనిపించవు. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ కూడా చేతి పరికరం గురించే మాట్లాడింది: డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడొచ్చని అంది. హ్యాండ్స్‌ఫ్రీ వాడకానికి జరిమానా లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లోక్‌సభకు ఇచ్చిన ఒక జవాబులో చెప్పింది కూడా. నెక్‌బ్యాండ్ పెట్టుకుని బండి నడిపే కుర్రాణ్ని పోలీసు ఆపితే అతను ఈ జవాబునే చూపిస్తాడు. పోలీసు దగ్గర దానికి తిరుగులేని సమాధానం లేదు.

మరి ఇయర్‌ఫోన్లకు చలానా రాయడం చెల్లదా? పూర్తిగా చెల్లదనీ అనలేం. 184 వివరణలో చివరి అంశం ఒకటుంది. సమర్థుడు, జాగ్రత్తపరుడు అయిన డ్రైవర్ నుంచి ఆశించే స్థాయికి బాగా దిగువన నడపడం, అలా నడపడం ప్రమాదమని అలాంటి డ్రైవర్‌కు ఎవరికైనా తేటతెల్లంగా తెలిసేలా ఉండడం. వెనక నుంచి ఆంబులెన్స్ ఎంత మోగించినా తప్పుకోని మనిషి చెవుల్లో బడ్స్ కనిపిస్తే ఈ అంశం వర్తిస్తుంది. ఖాళీ రోడ్డు మీద, 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడి మీద దీన్ని నిలబెట్టడం కష్టం. ఇక 177వ సెక్షన్ ఉంది. వేరే శిక్ష చెప్పని ఉల్లంఘనలన్నిటికీ అదే దిక్కు: మొదటిసారి 500 వరకు, తర్వాత 1,500 వరకు. కానీ 177 వాడాలన్నా ముందు ఫలానా నిబంధన ఉల్లంఘించాడని చూపాలి. ఆ నిబంధన ఏదో సూటిగా లేకపోవడమే మన ఇబ్బంది.

ఆంబులెన్స్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే 194ఈ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. ‘వినపడలేదు’ అన్నది అక్కడ సాకుగా పనికిరాదు. వినపడకుండా చేసుకున్నది తనే కదా. ఇయర్‌ఫోన్లకు జరిమానా ఎంత అని వెతికేవాళ్లు ముందు ఈ సెక్షన్ చదవాలి. ఎవరికైనా ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలోని 106(1) కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి ఐదేళ్ల వరకు శిక్ష పడుతుంది, పాత భారతీయ శిక్షాస్మృతి 304ఏలో అది రెండేళ్లే. ప్రమాదంలో చనిపోయింది ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనిషే అయితే, పరిహారం కేసులో అవతలి లాయరు మొదట అడిగేది ఆ సంగతే. బాధితుడి నిర్లక్ష్యం కూడా తోడైందని తేలితే ట్రిబ్యునల్ పరిహారంలో కోత పెట్టవచ్చు. ఆ కోత మోసేది అతని కుటుంబం.

ఇప్పుడు అసలు సంగతి, చెవిలో ఏం జరుగుతుందన్నది. చట్టం ఎలా ఉండాలో దాన్ని బట్టే తేలుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. 7 మీటర్ల దగ్గర 100 డెసిబెల్స్ వినిపించే లారీ హారన్ అనుకుందాం. 14 మీటర్ల దగ్గర 94, 28 దగ్గర 88, 56 మీటర్ల దగ్గర 82. రబ్బరు తొడుగున్న బడ్స్ చెవి రంధ్రంలో సరిగ్గా కూర్చుంటే, పాట ఏమీ పెట్టకపోయినా, బయటి శబ్దాన్ని 15 నుంచి 20 డెసిబెల్స్ దాకా ఆపుతాయి. అంటే 56 మీటర్ల వెనక మోగిన హారన్ చెవి లోపలికి 62 దగ్గర చేరుతుంది. లోపల పాట 80, 85 దగ్గర నడుస్తుంటే ఆ 62 దాని కింద మునిగిపోతుంది. లారీ ఇంకా దగ్గరికొచ్చాకే వినపడుతుంది. బండి 50 కిలోమీటర్ల వేగంతో, లారీ 80తో పోతున్నాయనుకుంటే రెండింటి మధ్య దూరం సెకనుకు 8 మీటర్లకు పైగా తరుగుతుంది. 56 మీటర్లు అంటే ఆరేడు సెకన్లు. 14 మీటర్ల దగ్గర విన్నవాడికి మిగిలేది రెండు సెకన్ల లోపే. అద్దం చూసుకుని, ఎడమకు జరగడానికి ఆ వ్యవధి చాలదు.

నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవైతే ఇంకో సమస్య. బయటి శబ్దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి దాన్ని చంపడం వాటి పని. ఆ పని అవి బాగా చేసేది తక్కువ పౌనఃపున్యంలో, సుమారు వెయ్యి హెర్ట్జ్ లోపు, ఆగకుండా సాగే గుయ్యిమనే మోత మీద. రోడ్డు మీద ఆ మోత ఏమిటి? లారీ ఇంజను, బస్సు టైర్లు. హారన్ కొట్టకుండా పక్కనే వస్తున్న బస్సును మనం పసిగట్టేది ఆ మోతతోనే. విమానంలో హాయినిచ్చే సౌకర్యమే రోడ్డు మీద మనకు కావలసిన శబ్దాన్ని ఏరి మరీ తీసేస్తుంది. ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు పెరిగాక పక్కన వచ్చే బండి చప్పుడే అంతంతమాత్రం. ఆ కాస్తా వినబడనీయకపోతే ఇక కళ్లే దిక్కు, ఆ కళ్లు ముందున్న గుంత మీద ఉంటాయి.

బయటి శబ్దాలను లోపలికి వదిలే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంది కదా అంటారు. చెవి సహజంగా వినేదానికి అది సమానం కాదు. మైకు మీద గాలి కొట్టినప్పుడు గరగర వస్తుంది, దాన్ని అణచడానికి పరికరం తనంతట తానే బయటి శబ్దాన్ని తగ్గిస్తుంది. నడిచేవాళ్లకు పనికొస్తుంది. 40 దాటిన బండి మీద దాన్ని నమ్ముకోకూడదు.

ఒక చెవిలోనే పెట్టుకుంటే సరిపోతుందన్నది చాలామంది నమ్మకం. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి సుమారు అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది, తల అడ్డు వల్ల కొంచెం బలహీనంగా కూడా. ఆ చిన్న తేడాతోనే మెదడు దిక్కు తేలుస్తుంది. ఒక చెవి మూసేస్తే హారన్ వినపడుతుంది కానీ ఎటు నుంచో తెలియదు. తెలియక తల తిప్పి వెతుకుతాం. బండి మీద తల తిప్పితే చేతులూ ఆ వైపే లాగుతాయి. నాలుగు రోడ్ల కూడలిలో ఇది ఎంత పని చేస్తుందో ట్రాఫిక్ కానిస్టేబుళ్లకు బాగా తెలుసు. అందుకే ఒక చెవి మినహాయింపు ద్విచక్ర వాహనాలకు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

హెల్మెట్ సంగతి వేరే. ఇక్కడ ప్రమాదం వినికిడితో ఆగదు. 60 నుంచి 80 కిలోమీటర్ల వేగం మధ్య హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. పాట వినాలంటే దాన్ని మించి వాల్యూమ్ పెంచాలి. 85 డెసిబెల్స్‌ను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెబుతాయి. ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి. రోజంతా బండి మీదే ఉండే డెలివరీ కుర్రాళ్లు 95 దగ్గర పాటలు వింటే వాళ్ల చెవులు ఎంత కాలం ఉంటాయో ఈ లెక్కే చెబుతుంది. మొదట పోయేది సన్నని ధ్వనులు, అంటే స, ష, ఫ లాంటి అక్షరాలు. ‘వినపడుతోంది కానీ అర్థం కావడం లేదు’ అనడం మొదలైందంటే నష్టం జరిగిపోయినట్టే.

తల మీదుగా వచ్చే పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని దాని మీద హెల్మెట్ బిగించేవాళ్లున్నారు. అప్పుడు హెల్మెట్ రెండు వేళ్ల మందం పైకి లేస్తుంది, గడ్డం కింద పట్టీ కుదరదు, పడ్డప్పుడు ఊడిపోతుంది. కొందరైతే ఫోన్‌నే చెవికీ హెల్మెట్‌కూ మధ్య ఇరికిస్తారు. చెంప దగ్గరి మెత్త అణిగిపోయి, దెబ్బ తగిలితే ఫోన్ అంచు కణత మీద దిగుతుంది. ఇది ఇయర్‌ఫోన్ కాదు కనుక తప్పు కాదని వాదిస్తారు. ఫోన్ చేతిలో లేకపోయినా అది చేత్తో పట్టుకునే పరికరమే, 184 వర్తిస్తుందని వాదించడానికి ఇక్కడ బలం ఎక్కువ. హెల్మెట్ పట్టీ సరిగ్గా బిగించకపోతే 194డీ కింద వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు ఎటూ ఉన్నాయి.

దీనికి ఎదురుగా ఒక ప్రశ్న వేస్తారు, న్యాయమైన ప్రశ్నే: అసలు వినపడనివాళ్లకే లైసెన్సు ఇస్తున్నారు కదా, మరి ఇయర్‌ఫోన్లంటే ఎందుకంత పట్టింపు? బధిరులు లైసెన్సుకు అర్హులేనని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది సరైన తీర్పు. పుట్టినప్పటి నుంచీ, ఏళ్ల తరబడీ శబ్దం లేకుండా బతికిన మనిషి కళ్లతో రోడ్డును చదవడం నేర్చుకుంటాడు. అద్దాలు ఎక్కువసార్లు చూస్తాడు, పక్క చూపుకు అలవాటుపడతాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడు చెవుల మీద ఆధారపడి నడపడమే నేర్చుకుని ఉంటాడు, రోడ్డెక్కాక వాటిని మూసుకుంటాడు, కళ్ల అలవాటు మాత్రం మార్చుకోడు. పైగా అతని మెదడులో కొంత భాగం పాటలోనో, ఫోన్‌లో అవతలివాళ్ల మాటలోనో ఉంటుంది. ఈ రెండిటినీ ఒక గాటన కట్టడం బధిరులకు అన్యాయం.

కారులో స్టీరియో పెట్టుకుంటే అభ్యంతరం లేదా అని అడుగుతారు. ఉంది, వాల్యూమ్‌ను బట్టి. అద్దాలు ఎక్కించి పెద్ద శబ్దంతో పెడితే బయటిది ఏదీ వినపడదు. కానీ స్పీకర్ శబ్దం కారు లోపలి గాలిలో ఉంటుంది, చెవి తెరుచుకునే ఉంటుంది, హారన్ దానిలో కలిసి వస్తుంది. వాల్యూమ్ తగ్గిస్తే అంతా తేటపడుతుంది. బడ్స్ వాల్యూమ్ తగ్గించినా చెవి మూసే ఉంటుంది. కాబట్టి కారులో స్పీకర్ ద్వారా మాట్లాడడాన్నీ చెవిలో పెట్టుకుని మాట్లాడడాన్నీ చట్టం వేరుగా చూడడంలో తర్కం ఉంది. మాట్లాడడం వల్ల దృష్టి చెదిరే సమస్య రెండింటిలోనూ ఉంది, అది ఇంకో ఉత్తరం విషయం.

ఇతర దేశాలు ఏం చేశాయో చూస్తే మనకు రెండు దారులు కనిపిస్తాయి. అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో వాహన చట్టం 27400వ సెక్షన్ ప్రకారం రెండు చెవులూ మూసుకుని మోటారు వాహనమే కాదు, సైకిల్ కూడా తొక్కకూడదు. ఒక చెవి వరకు అనుమతి. వినికిడి యంత్రాలకు మినహాయింపు ఉంది. న్యూయార్క్‌లోనూ ఒక ఇయర్‌ఫోన్‌కు మించి కూడదు. టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ వర్తించే నిషేధం లేదు. హ్యూస్టన్‌లో అలవాటైనవాళ్లు లాస్ ఏంజెలెస్ వెళ్లి అద్దె కారు తీసుకున్నప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఫ్రాన్స్ ఇంకా గట్టిగా ఉంది. 2015 జులై 1 నుంచి ఒక చెవిలో పెట్టుకున్నా నేరమే: 135 యూరోల జరిమానా, లైసెన్సులో మూడు పాయింట్లు కోత. సైకిల్ తొక్కేవాళ్లకూ జరిమానా ఉంది. వినికిడి యంత్రాలను, హెల్మెట్‌లోనే అమర్చిన స్పీకర్లను మినహాయించారు. స్పెయిన్‌లో 200 యూరోలు, మూడు పాయింట్లు. బ్రిటన్‌లో ప్రత్యేక నిషేధం లేదు, అజాగ్రత్తగా నడిపారని తేలితే ఆ చట్టమే పట్టుకుంటుంది. మన 184 చివరి అంశం ఇంచుమించు బ్రిటన్ పద్ధతే. అక్కడి రోడ్లకు ఆ పద్ధతి చాలుతుందేమో. ఒకే రోడ్డు మీద లారీ, షేర్ ఆటో, ట్రాక్టరు, ఎద్దుల బండి, బడి పిల్లల సైకిళ్లు కలిసి పోయే మన దగ్గర, రోడ్డు మీద మాటలన్నీ హారన్‌తోనే జరిగే మన దగ్గర, ఫ్రాన్స్ పద్ధతే సరిపోతుంది.

ఇప్పటికే జరిగిన ఘోరాలు మనకు చాలు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో కాపలా లేని రైలు గేటు దగ్గర బడి వ్యాను రైలు కింద పడి 13 మంది పిల్లలు చనిపోయారు. వ్యాను డ్రైవర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అప్పుడే అధికారులు చెప్పారు. మాసాయిపేటలో 2014 జులై 24న బడి బస్సును రైలు ఢీకొన్న ఘోరం మెదక్ జిల్లా వాళ్లు మరిచేది కాదు. అలాంటి గేట్ల దగ్గర ఏం చేయాలో మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ఎప్పటి నుంచో చెబుతోంది: బండి ఆపాలి, కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా రైలు రావడం లేదని చూసుకోవాలి, తోడు ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికి తీసేశారు. అయినా పట్టాల పక్కన చెవులు మూసుకుని నడిచేవాళ్లు ఇంకా చనిపోతూనే ఉన్నారు. పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్లడమే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, 6 నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా. ఎలక్ట్రిక్ ఇంజన్ల రైలు వెనక నుంచి వస్తే చాలా దగ్గరికి వచ్చేదాకా చప్పుడు తెలియదు.

ఏం చేయాలన్నది చెప్పి ముగిస్తాను. పార్లమెంటులో చట్టం మార్చే దాకా ఆగనక్కర్లేదు. 118వ సెక్షన్ కింద వాహనాలు ఎలా నడపాలో కేంద్రం నోటిఫికేషన్ ద్వారానే చెప్పగలదు, 2017 డ్రైవింగ్ నిబంధనలు అలా వచ్చినవే. వాటిలో ఒక్క వాక్యం చేర్చితే చాలు: వాహనం కదులుతుండగా నడిపే వ్యక్తి ఏ చెవిలో గానీ, చెవి మీద గానీ శబ్దం వినిపించే పరికరం పెట్టుకోకూడదు. వినికిడి యంత్రాలు, చెవి రంధ్రాన్ని మూయకుండా హెల్మెట్‌లో అమర్చిన స్పీకర్లు, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది వైర్‌లెస్ సెట్లు దీనికి మినహాయింపు. 118 కింద చేసిన నిబంధన ఉల్లంఘిస్తే 177ఏ ప్రకారం 500 నుంచి వెయ్యి దాకా జరిమానా తనంతట తానే వర్తిస్తుంది. కొత్త శిక్ష రాయాల్సిన పని కూడా లేదు. 500 రూపాయలు చిన్న మొత్తం అనిపించవచ్చు. తప్పకుండా పడుతుందని తెలిసిన 500, ఎప్పుడో పడొచ్చనుకునే 5 వేల కంటే ఎక్కువ పని చేస్తుంది.

అమలు మాటకొస్తే కెమెరాల మీద ఆశ పెట్టుకోవద్దు. ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు 2021లో తెచ్చిన 167ఏ నిబంధన జాబితాలో చేతి పరికరం వాడకం ఉంది, చెవి పరికరం లేదు. చేర్చినా, గోరంత బడ్స్ హెల్మెట్ కింద ఉంటే ఏ కెమెరాకూ చిక్కవు. ఇది మనిషి ఆపి చూడాల్సిన పని. ఆపినప్పుడు కొన్ని జాగ్రత్తలు కావాలి. మెడలో వేలాడుతున్న నెక్‌బ్యాండ్ నేరం కాదు, చెవిలో ఉంటేనే నేరం. ఫోటో పక్క నుంచి, చెవి కనపడేలా, బండి కదులుతుండగా తీయాలి. ఫోన్ తీసి కాల్ వివరాలు చూపించమని అడగడం అనవసరం. పాటా మాటా తేడా లేకుండా పరికరం చెవిలో ఉంటే చాలని నిబంధన రాస్తే ఆ గొడవే ఉండదు. చలానా వచ్చినవాళ్లు కూడా ఈ-చలానా వెబ్‌సైట్‌లో ఫోటో తెరిచి, ఏ సెక్షన్ రాశారో చూసుకోవాలి. ఇయర్‌ఫోన్ ఒక్కటే కారణమైతే, చేతి పరికరం వాడినట్టు రాసి ఉంటే, దాన్ని ప్రశ్నించే హక్కు వాళ్లకుంది.

దారి చెప్పే గొంతు వినకపోతే పని జరగని డెలివరీ, బైక్ ట్యాక్సీ వాళ్ల ఇబ్బంది నిజమైనది. వాళ్లకు పని జరిగే పద్ధతి ఉంది. హ్యాండిల్‌కు గట్టి ఫోన్ హోల్డర్ బిగించుకోవాలి, ఫోన్ నిలువుగా, మీటరు పక్కన, బ్రేకు తీగలకు తగలకుండా ఉండాలి. బయలుదేరే ముందే చిరునామా పెట్టి, మొదటి రెండు మలుపులు చూసుకోవాలి. గొంతు కావాలనుకుంటే హెల్మెట్ స్పీకర్ కొనుక్కోవాలి. దాన్ని చెవి దొప్పకు ఎదురుగా, మెత్త వెనకున్న గూటిలో అతికించాలి, చెవిని నొక్కేలా కాదు. బండి ఆపి ఉన్నప్పుడు పక్కనున్న మనిషి మామూలు గొంతుతో పిలిస్తే వినపడే దగ్గర వాల్యూమ్ పెట్టి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకూడదు. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెడితే కాల్స్ వాటంతట అవే ఆగి, నడుపుతున్నానని అవతలివాళ్లకు సందేశం వెళ్తుంది. తప్పక మాట్లాడాల్సి వస్తే ఇండికేటర్ వేసి, వెనక చూసుకుని, రోడ్డు దిగి ఆపాలి. ఫ్లైఓవర్ మీద, మలుపులో, వంతెన మీద ఆపకూడదు. బండి కదులుతుండగా రైడర్‌కు ఫోన్ చేయకుండా తమ యాప్‌లలో ఏర్పాటు చేయడం ఆ కంపెనీల బాధ్యత. బండి వేగం వాళ్ల తెర మీద కనపడుతూనే ఉంటుంది కదా.

కేంద్రం కదిలేలోపు మన రెండు రాష్ట్రాలూ చేయగలిగింది ఒకటుంది. బస్సులు, ఆటోలు, ట్యాక్సీలు, బడి బస్సుల పర్మిట్‌కు షరతులు పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం కింద రవాణా అధికారులకు ఉంది. డ్రైవర్ చెవిలో పరికరం ఉండకూడదన్న షరతు ఒకటి చేరిస్తే, ఉల్లంఘించినప్పుడు 86వ సెక్షన్ కింద పర్మిట్‌నే సస్పెండ్ చేయవచ్చు. యజమానికి నొప్పి తగిలితే డ్రైవర్‌కు చెప్పేవాడు ఒకడు దొరుకుతాడు. ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు బడి బస్సులకు ఫిట్‌నెస్ తనిఖీలు జరుగుతాయి. బ్రేకులు, అత్యవసర ద్వారం, మందుల పెట్టె చూసే రోజునే ఈ షరతు కాగితం మీద డ్రైవర్, యజమాని ఇద్దరి సంతకాలూ తీసుకుని, ఒక ప్రతిని స్టీరింగ్ పక్కన అతికించమని రెండు రాష్ట్రాల రవాణా కమిషనర్లకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
డ్రైవింగ్ నేర్పే వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ